ఆంప్లిఫయర్‌లో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది: కొత్తది బిగించే ముందు ఏమేమి చూడాలి?

ప్రశ్న

నా దగ్గర చాలా ఏళ్లుగా వాడుకలో ఉన్న ఒక స్టీరియో ఆంప్లిఫయర్ ఉంది. రెండు వారాలుగా స్పీకర్లలో పాట వెనుక గుమ్మనే మోత ఒకటి వస్తూ పోతూ ఉండేది. కాసేపు వినిపించి దానంతట అదే తగ్గిపోతుండటం వల్ల పెద్దగా పట్టించుకోలేదు. మొన్న రాత్రి పాట నడుస్తుండగా శబ్దం బొంగురుపోయి, ఘాటైన కాలిన వాసన వచ్చింది. ప్లగ్గు తీసేలోపే పైమూత కన్నాల్లోంచి పొగ కూడా కనిపించింది.

మూత విప్పి చూస్తే ట్రాన్స్‌ఫార్మర్ మీది పసుపు టేపు గోధుమరంగుకు మాడి ఉంది, కోర్ రేకుల మధ్య నుంచి వార్నిష్ కరిగి కారింది. ప్రైమరీ (మెయిన్స్ కరెంటు వచ్చే వైపు) తీగల మధ్య మల్టీమీటరు ఏమీ చూపించడం లేదు, అంటే ఓపెన్ అయినట్లే, దారి ఎక్కడో తెగినట్లే ఉంది. ఆశ్చర్యం ఏమిటంటే ఇంత జరిగినా ఫ్యూజు పోలేదు. ట్రాన్స్‌ఫార్మర్ మీద వోల్టేజీ రాసిన చీటీ లేదు, సర్క్యూట్ పటం కూడా నా దగ్గర లేదు. సోల్డరింగ్ చేయగలను, మల్టీమీటరు వాడటం తెలుసు, అంతకు మించి అనుభవం లేదు.

ఇలాంటి దానికి ఎన్ని వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చుకోవాలో ఎలా నిర్ణయించాలి? తెచ్చి బిగిస్తే సరిపోతుందా?

మొదటి జవాబు

తెచ్చి బిగిస్తే అదీ కాలుతుంది. సాధారణ వాడకంలో ట్రాన్స్‌ఫార్మర్ తనంతట తాను కాలిపోవడం చాలా అరుదు. అందులో ఉన్నది రాగి తీగ, ఇనుప రేకులు, కాస్త కాగితం, వార్నిష్ మాత్రమే కనుక, దాని వెనుక ఉన్న భాగాల్లో ఏదో ఒకటి మోయలేనంత కరెంటు లాగితేనే అది ఈ స్థితికి వస్తుంది. కాబట్టి వోల్టేజీ ప్రశ్నను ప్రస్తుతానికి పక్కన పెట్టి, ఆ కరెంటు ఎటు పోయిందో ముందు పట్టుకోండి.

మీరు రాసినదాంట్లో నాకు అన్నిటికంటే అనుమానంగా కనిపించింది ఫ్యూజు పోకపోవడం. ఫ్యూజును బయటికి తీసి, గాజు గొట్టం మూతల మీద అచ్చయిన అంకెను బోర్డు మీద రాసిన అంకెతో పోల్చి చూడండి. అంకెకు ముందు టి అనే అక్షరం ఉంటే అది నిదానంగా తెగే రకం, ఎఫ్ ఉంటే వెంటనే తెగే రకం. ట్రాన్స్‌ఫార్మర్ ఆన్ అయిన క్షణంలో లాగే ఎక్కువ కరెంటును తట్టుకోవాలి కనుక ప్రైమరీ వైపు సాధారణంగా టి రకమే వేస్తారు.

తరువాత సెకండరీ (బోర్డుకు కరెంటు ఇచ్చే వైపు) తీగలు బోర్డులో ఎక్కడెక్కడ అతుక్కుని ఉన్నాయో ఫొటో తీసుకుని, వాటిని విడదీయండి. అంతకుముందు పెద్ద ఫిల్టర్ కెపాసిటర్ల కాళ్ల మధ్య వోల్టేజీ ఎంత మిగిలి ఉందో కొలవండి. ఏమైనా ఉంటే 100 ఓములు 5 వాట్ల రెసిస్టర్‌ను కొన్ని సెకన్లు ఆనించి ఖాళీ చేయండి. స్క్రూడ్రైవరుతో షార్ట్ చేసే అలవాటు కొందరికి ఉంది కానీ, అది కెపాసిటర్‌కూ మంచిది కాదు, కళ్లకూ మంచిది కాదు.

ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జ్‌లోని నాలుగు డయోడ్లనూ మల్టీమీటరు డయోడ్ స్థానంలో పెట్టి రెండు దిశల్లోనూ కొలవండి. మంచి సిలికాన్ డయోడ్ ఒక దిశలో 0.5 నుంచి 0.7 వోల్టుల మధ్య చూపించి, రెండో దిశలో ఏమీ చూపించదు. రెండు దిశల్లోనూ సున్నాకు దగ్గరగా చూపిస్తూ కూత పెడితే అది షార్ట్ అయినట్లు. ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లలో కలెక్టర్, ఎమిటర్ల మధ్య కూడా ఇదే పరీక్ష చేయండి. బోర్డులో ఉండగా వచ్చే కొలతలు పక్క దారుల వల్ల తప్పుదోవ పట్టించగలవు కనుక, అనుమానం వచ్చినదాన్ని విప్పి మళ్లీ కొలవాలి.

మరొక సంగతి. చాలా ట్రాన్స్‌ఫార్మర్లలో ప్రైమరీతో వరుసగా, టేపు పొరల కింద, ఒక థర్మల్ ఫ్యూజు దాగి ఉంటుంది. నిర్ణీత వేడి దాటగానే అది ఒక్కసారికి తెగిపోతుంది, తిరిగి అతుక్కోదు. మీ ప్రైమరీ ఓపెన్ అనిపించడానికి కారణం తీగ తెగడమా, ఈ ఫ్యూజు తెగడమా అన్నది తేలాలి. ఆ మోత స్పీకర్లలోంచి వచ్చిందా, ట్రాన్స్‌ఫార్మర్ ఒంటిలోంచి వచ్చిందా అన్నది కూడా గుర్తు చేసుకుని రాయండి. ఆ రెండింటి కారణాలు వేరు.

ప్రశ్న అడిగినవారు

మీరు చెప్పిన వరుసలోనే చూశాను. ఫ్యూజు సంగతి చెప్పడానికి కొంచెం సిగ్గుగా ఉంది. బోర్డు మీద టి 630 మిల్లీఆంపియర్లు అని అచ్చయి ఉంది, కానీ హోల్డరులో ఉన్న గాజు గొట్టం చుట్టూ ఎవరో ఒక సన్నటి రాగి పోగు చుట్టి ఉన్నారు. కొన్నేళ్ల కిందట ఒకసారి దీన్ని బయట బాగుచేయించాము, బహుశా అప్పుడు జరిగి ఉంటుంది. ఆ పోగు మందం సుమారు 0.2 మిల్లీమీటర్లు ఉంటుంది.

నాలుగు డయోడ్లూ విడివిడిగా ఉన్న 3 ఆంపియర్ల రకం. బోర్డుకు పూర్తిగా ఆనించి అతికి ఉన్నందువల్ల వాటి కింద బోర్డు నల్లబడింది. ప్లస్ వైపు రెండు డయోడ్లలో ఒకటి షార్ట్ అయింది. రెండవది కొలతలో మంచిదే కానీ, దాని కాలు చుట్టూ సోల్డరులో ఉంగరంలా సన్నటి పగులు ఉంది, వేలితో కదిలిస్తే కాలు కదులుతోంది. ఫిల్టర్ కెపాసిటర్లు రెండూ 4700 మైక్రోఫారడ్లు, 50 వోల్టులవి. ప్లస్ వైపుది పైన ఉబ్బి ఉంది. ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లను విప్పి చూశాను, నాలుగూ బాగానే ఉన్నాయి. వేరే చిన్న వైండింగ్ (తీగచుట్ట) ఒకటి ఇంకో చిన్న బ్రిడ్జ్ ద్వారా, స్థిరంగా 12 వోల్టులు ఇచ్చే 7812 రెగ్యులేటర్‌కు వెళుతోంది. మోత స్పీకర్లలోంచే వచ్చింది.

టేపును బ్లేడుతో కోసి చూస్తే మీరన్న థర్మల్ ఫ్యూజు కనిపించింది. దాని మీద 130 డిగ్రీలు అని ఉంది, అది తెగిపోయింది. దాన్ని దాటి వైండింగ్ మొదలు నుంచి కొలిస్తే 18 ఓములు వస్తోంది. అంటే వైండింగ్ బతికే ఉందని అర్థమా? అలాంటి కొత్త ఫ్యూజు ఒకటి వేసి ఇదే ట్రాన్స్‌ఫార్మర్‌ను వాడుకోవచ్చా?

రెండవ జవాబు

చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే మోసపోతారు. 18 ఓములు రావడం వల్ల తీగ ఎక్కడా తెగలేదని మాత్రమే తెలుస్తుంది. ఎనామిల్ పూత మాడి పక్కపక్క చుట్లు ఒకదానికొకటి తగులుకుని ఉంటే, దాదాపు వెయ్యి చుట్లలో ఐదో పదో తగ్గినంత మాత్రాన ఓముల కొలతలో తేడా తెలియదు. కానీ కరెంటు ఇవ్వగానే ఆ తగులుకున్న చుట్లు షార్ట్ అయిన చిన్న సెకండరీలాగా పనిచేసి భయంకరంగా వేడెక్కుతాయి.

దీన్ని తేల్చే పరీక్ష పాతదే, సిరీస్ బల్బు. ఒక 60 వాట్ల ఫిలమెంట్ బల్బును ప్రైమరీతో వరుసగా కలిపి, సెకండరీ తీగలన్నిటినీ దేనికీ తగలకుండా విడివిడిగా టేపు చుట్టి ఉంచి, పరీక్ష కోసం మాత్రమే థర్మల్ ఫ్యూజును దాటవేసి, 230 వోల్టుల సరఫరా ఇవ్వండి. ఏ భారమూ లేని మంచి ట్రాన్స్‌ఫార్మర్ చాలా తక్కువ కరెంటు తీసుకుంటుంది కనుక, బల్బు మొదట ఒక్కసారి మెరిసినా తరువాత వెలగదు, లేదా ఫిలమెంట్ ఎర్రగా కనీ కనపడనట్లు ఉంటుంది. బల్బు ప్రకాశంగా వెలుగుతూనే ఉంటే లోపల చుట్లు షార్ట్ అయినట్లు. ఇందుకు ఎల్ఈడీ బల్బు పనికిరాదు, ఎందుకంటే కరెంటు పెరిగే కొద్దీ నిరోధాన్ని పెంచుకునే గుణం వేడెక్కే ఫిలమెంట్‌కు మాత్రమే ఉంది. తీగలను ముట్టుకోవలసి వచ్చిన ప్రతిసారీ ప్లగ్గు బయటికి తీయండి, స్విచ్ ఆపితే చాలని అనుకోవద్దు.

ఇక ఏమి జరిగి ఉంటుందో మీ కొలతలే చెబుతున్నాయి. డయోడ్లు బోర్డుకు ఆనుకుని ఉన్నందువల్ల గాలి ఆడక ఏళ్ల తరబడి వేడెక్కాయి. ఆ వేడికి వ్యాకోచించి సంకోచించి ఒక కాలు దగ్గర సోల్డరు పగిలింది. ఆ కాలు తగలనప్పుడల్లా ప్లస్ వైపు సరఫరా అర్ధచక్రాల మీదే నడిచింది. 100 హెర్ట్జ్‌ల అలకు బదులు 50 హెర్ట్జ్‌ల అల, అదీ రెట్టింపు లోతుతో, ఫిల్టర్‌ను దాటి స్పీకర్లలో మోతగా వినిపించింది. మోత వస్తూ పోతూ ఉండటానికి కారణం అదే. ఆ సమయంలో ఇద్దరి పని ఒక్కడే చేయవలసి వచ్చిన పక్క డయోడ్ అలసి షార్ట్ అయింది.

అది షార్ట్ అయ్యాక ఏసీ నేరుగా ఫిల్టర్ కెపాసిటర్‌కు చేరింది. 4700 మైక్రోఫారడ్ల కెపాసిటర్ 50 హెర్ట్జ్‌ల ఏసీకి చూపించే అడ్డు సుమారు 0.7 ఓములే, పైగా ప్రతి రెండో అర్ధచక్రంలో దాని మీద వోల్టేజీ తిరగబడుతుంది. అది ఉబ్బిందంటే విడ్డూరం లేదు. పగిలిన కాలు మళ్లీ తగిలినప్పుడైతే సెకండరీ మొత్తం రెండు డయోడ్ల గుండా షార్ట్ అయింది.

ఇక్కడ అసలైన ఫ్యూజు ఉండి ఉంటే కొన్ని సెకన్లలో తెగిపోయి, మీకు ఒక డయోడ్, ఒక కెపాసిటర్ ఖర్చుతో పోయేది. 0.2 మిల్లీమీటర్ల రాగి పోగు తెగాలంటే సుమారు 7 ఆంపియర్లు కావాలి. అంత కరెంటు తీసుకునేలోపు ఈ ట్రాన్స్‌ఫార్మర్ బూడిదవుతుంది. పోగు చుట్టిన ఆ చేతులను ఏమనాలో నాకు తెలియడం లేదు.

మూడవ జవాబు

ఇంత శ్రమ ఎందుకని అడుగుతున్నాను. ప్లస్, మైనస్ రెండు వోల్టేజీలూ ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ (వేగంగా స్విచ్ చేస్తూ నడిచే పవర్ సప్లై) బోర్డులు తయారుగా దొరుకుతాయి. తేలికగా ఉంటాయి, షార్ట్ అయితే తమంతట తామే ఆగిపోతాయి. పాత ఇనుప ట్రాన్స్‌ఫార్మర్‌ను తీసేసి అలాంటిది ఒకటి పెట్టుకుంటే పని పూర్తవుతుంది కదా.

మొదటి జవాబు ఇచ్చినవారు

పెట్టుకోవచ్చు, కానీ ఈ సందర్భంలో నేను పెట్టను. ఫిల్టర్ వద్ద ఉన్న 4700 మైక్రోఫారడ్ల కెపాసిటర్లను ఆన్ అయిన క్షణంలో చూసి కొన్ని ఎస్‌ఎంపీఎస్ బోర్డులు షార్ట్ అని పొరబడి, మొదలవుతూ ఆగుతూ టిక్కు టిక్కుమంటూ ఉండిపోతాయి. స్విచింగ్ రొద టోన్ బోర్డులోకి ఎక్కకుండా గ్రౌండ్ తీగల దారి మార్చుకోవలసి వస్తుంది, 7812కు వేరే సరఫరా వెతకాలి. మొదటిసారి మరమ్మతు చేస్తున్న వ్యక్తికి ఇది సులువైన దారి కాదు.

పైగా ఎస్‌ఎంపీఎస్ వైపు ప్రమాదం వేరే రకంగా ఉంటుంది. అందులో 230 వోల్టుల ఏసీని నేరుగా రెక్టిఫై చేస్తారు కనుక, పెద్ద కెపాసిటర్‌లో సుమారు 325 వోల్టుల డీసీ నిలుస్తుంది. ప్లగ్గు తీసిన తరువాత కూడా అది కొంతసేపు ఉండగలదు.  

ప్రశ్న అడిగినవారు

సిరీస్ బల్బు పరీక్ష చేశాను. బల్బు పూర్తి కాంతితో వెలిగింది, అర నిమిషం కూడా కాకముందే మళ్లీ ఆ వాసన మొదలైంది. ట్రాన్స్‌ఫార్మర్ పోయిందన్నది ఖాయం. ఇప్పుడు నా మొదటి ప్రశ్నకే తిరిగి వచ్చాను. చుట్లు షార్ట్ అయిన దాని నుంచి అసలు వోల్టేజీ ఎలా తెలుసుకోవాలి?

రెండవ జవాబు ఇచ్చినవారు

వైండింగ్ బాగుండి ఉంటే ఒక సెకండరీకి తక్కువ ఏసీ ఇచ్చి మిగతావాటి నిష్పత్తి కొలిచేవాళ్లం. ఇందులో ఆ కొలతలు నమ్మదగినవి కావు. కాబట్టి విప్పి లెక్కపెట్టడమే దారి. అదృష్టవశాత్తు సెకండరీ సాధారణంగా పై పొరల్లో ఉంటుంది కనుక, వెయ్యి చుట్ల ప్రైమరీ జోలికి వెళ్లనక్కరలేదు. రేకులు తీసి, బాబిన్ మీది తీగను చుట్టు చుట్టుకూ గీత పెట్టుకుంటూ విప్పండి. తీగ మందం కూడా కొలవండి. కోర్ మధ్య కాలు వెడల్పునూ, రేకుల దొంతర మందాన్నీ సెంటీమీటర్లలో రాసుకోండి. ఆ రెండింటిని గుణిస్తే వచ్చే వైశాల్యమే మనకు కావలసిన ఆధారం.

ప్రశ్న అడిగినవారు

మధ్య కాలు వెడల్పు 2.8, దొంతర మందం 4 సెంటీమీటర్లు. పెద్ద సెకండరీ మధ్య కొసకు అటు 102, ఇటు 102 చుట్లు. చిన్న వైండింగ్ 51 చుట్లు.

రెండవ జవాబు ఇచ్చినవారు

వైశాల్యం 11.2 చదరపు సెంటీమీటర్లు. 50 హెర్ట్జ్‌ల సరఫరా మీద, కోర్‌లో ఫ్లక్స్ సాంద్రత 1 టెస్లా అనుకుంటే, ఒక వోల్టుకు కావలసిన చుట్లు 45ను ఈ వైశాల్యంతో భాగిస్తే వస్తాయి, అంటే సుమారు 4. ఆ లెక్కన పెద్ద సెకండరీ ఒక్కో సగం 25.5 వోల్టులు, చిన్నది 12.75 వోల్టులు. తీగలో పోయే నష్టానికి 5, 6 శాతం ఎక్కువ చుట్లు వేయడం ఆనవాయితీ కనుక, భారం మీద ఇవి 24-0-24, 12 వోల్టులు అవుతాయి.

తయారీదారు 1 టెస్లాకు బదులు ఇంకొంచెం ఎక్కువ తీసుకుని ఉండవచ్చు కాబట్టి ఈ లెక్కను ఒంటరిగా నమ్మకూడదు. మిగతా సాక్ష్యాలతో సరిచూద్దాం. 24ను 1.414తో గుణించి డయోడ్ వద్ద పోయేది తీసేస్తే 33 వోల్టుల డీసీ. భారం లేనప్పుడు, సరఫరా 10 శాతం పెరిగినప్పుడు అది 40 దగ్గరికి వెళుతుంది. 35 వోల్టుల కెపాసిటర్ చాలదు, 50 వోల్టులది సరిపోతుంది, మీ బోర్డులో ఉన్నదీ అదే. చిన్న వైండింగ్ నుంచి 15.5 వోల్టుల డీసీ వస్తుంది. 7812 సక్రమంగా పనిచేయడానికి తన ఔట్‌పుట్ కంటే కనీసం 2 వోల్టులు పైన కావాలి కనుక అదీ కుదిరింది. రెండు వేరువేరు దారులు ఒకే చోటికి వచ్చాయంటే లెక్క నమ్మవచ్చు.

సామర్థ్యం సంగతికి వస్తే, వైశాల్యాన్ని 1.15తో భాగించి వర్గం చేస్తే సుమారు 95 వోల్ట్ ఆంపియర్లు. 48 వోల్టుల మీద అది 2 ఆంపియర్ల ఏసీ. ఇక్కడ ఒక మెలిక ఉంది. బ్రిడ్జ్, పెద్ద కెపాసిటర్ ఉన్న సరఫరాలో ట్రాన్స్‌ఫార్మర్ కరెంటును అల శిఖరాల దగ్గర మాత్రమే, చిన్న చిన్న గుక్కల్లో ఇస్తుంది. అందువల్ల వైండింగ్ మోసే ఆర్‌ఎంఎస్ కరెంటు (తీగను వేడెక్కించే లెక్కలో చూసే విలువ), బయటికి వచ్చే డీసీ కరెంటుకు 1.6 నుంచి 1.8 రెట్లు ఉంటుంది. 2 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఎడతెగకుండా 2 ఆంపియర్ల డీసీ ఆశించడం తప్పు, 1.2 దగ్గర ఆగాలి. సంగీతం సగటున తక్కువే లాగుతుంది కనుక మీకు ఇబ్బంది లేదు. చోటు ఉంటే 3 ఆంపియర్లది పెట్టుకోవచ్చు, వోల్టేజీని మాత్రం పెంచకండి.

పాత కోర్ మీదే రీవైండింగ్ చేయించాలనుకుంటే చుట్ల లెక్క కంటే ముఖ్యమైనది ప్రైమరీకీ సెకండరీకీ మధ్య ఇన్సులేషన్. స్పీకర్ తీగ పట్టుకున్న మనిషికీ 230 వోల్టులకూ మధ్య ఉన్నది ఆ పొరే. అక్కడ రాజీపడే చోట చేయించవద్దు. థర్మల్ ఫ్యూజు కూడా తిరిగి పెట్టించండి.

డయోడ్లకు బదులు లోహపు తొడుగున్న 10 ఆంపియర్ల బ్రిడ్జ్ తీసుకుని చాసిస్‌కు బిగించండి. కెపాసిటర్లు ఒకటి ఉబ్బినా రెండూ మార్చండి, 105 డిగ్రీల రకం మేలు. నల్లబడిన బోర్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బొగ్గయిన భాగాన్ని గీకి తీసేయండి. బొగ్గు కరెంటును పోనిస్తుందన్న సంగతి చాలామంది మరిచిపోతారు.

ప్రశ్న అడిగినవారు

24-0-24, 2 ఆంపియర్లు, దానితోపాటు 12 వోల్టుల వైండింగ్ ఉన్న కొత్త ట్రాన్స్‌ఫార్మర్‌ను చుట్టించుకున్నాను. బిగించే ముందు ప్రైమరీకీ కోర్‌కూ మధ్య 500 వోల్టుల ఇన్సులేషన్ టెస్టరుతో కొలిపించాను, మీటరు ముల్లు అనంతం దగ్గరే నిలిచింది. బ్రిడ్జ్‌ను చాసిస్‌కు బిగించి, కెపాసిటర్లు రెండూ మార్చి, హోల్డరులో టి 630 మిల్లీఆంపియర్ల ఫ్యూజు వేశాను.

మొదటిసారి స్పీకర్లు తగిలించకుండా, సిరీస్ బల్బు మీద ఆన్ చేశాను. బల్బు ఒక్కసారి గట్టిగా మెరిసి, కెపాసిటర్లు నిండగానే ఆరిపోయింది. బల్బు తీసేసి నేరుగా ఇచ్చాక ప్లస్ వైపు 35.1, మైనస్ వైపు 35.2 వోల్టులు, 7812 వద్ద 12.0 వచ్చాయి. స్పీకర్ల టెర్మినళ్ల దగ్గర రెండు చానళ్లలోనూ డీసీ 20 మిల్లీవోల్టుల లోపే ఉంది కనుక స్పీకర్లు తగిలించి గంటసేపు పాట పెట్టాను. ట్రాన్స్‌ఫార్మర్ మీద చేయి హాయిగా ఆనించి ఉంచగలిగే వేడే ఉంది. మోత లేదు.

ఒక్క సందేహం మిగిలింది. ఆన్ చేసిన క్షణంలో ట్రాన్స్‌ఫార్మర్ ఒకసారి గుమ్మని శబ్దం చేసి ఊరుకుంటోంది. ఒక్కోసారి గట్టిగా, ఒక్కోసారి అసలు లేకుండా ఉంటోంది. ఇది మళ్లీ ఏదైనా మొదలవుతున్న సూచనా?

మొదటి జవాబు ఇచ్చినవారు

కాదు. మీరు స్విచ్ వేసిన క్షణంలో ఏసీ అల ఏ స్థానంలో ఉందన్న దాన్ని బట్టి అది మారుతుంది. అల సున్నాను దాటుతున్నప్పుడు స్విచ్ పడితే కోర్ కొన్ని చక్రాల పాటు సంతృప్తమై (ఇక అంతకుమించి అయస్కాంతత్వాన్ని మోయలేక) ఎక్కువ కరెంటు లాగుతుంది, శిఖరం దగ్గర పడితే దాదాపు ఏమీ ఉండదు. టి రకం ఫ్యూజు ఉన్నది దీన్ని ఓర్చుకోవడానికే. ఎప్పుడైనా ఆన్ చేయగానే ఫ్యూజు పోతే అదే విలువ గల మరొకటి వేసి చూడండి. అదీ పోతే మూత విప్పి బ్రిడ్జ్ దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టండి.